నదీలోయ సైకిల్ మార్గాలు: డాన్యూబ్ తీరం ఒక ఉదాహరణ

4.1 పరిచయం

గత పాఠంలో పర్యాటకుణ్ణి ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే సాధనాల గురించి చదివారు. అక్కడ ప్రయాణ సమయం ఎంత తగ్గితే అంత మంచిదని అనుకున్నాం. ఈ పాఠంలో అందుకు పూర్తిగా భిన్నమైన ప్రయాణాన్ని పరిశీలిద్దాం. జర్మనీ సరిహద్దులోని పాసౌ పట్టణం నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నాకు కారులో సుమారు మూడు గంటలు పడుతుంది. డాన్యూబ్ నది వెంట సైకిలు మీద వెళ్లేవాళ్లు మాత్రం అదే దూరానికి ఆరేడు రోజులు తీసుకుంటారు. కావాలనే తీసుకుంటారు.

ఆ ఆరేడు రాత్రులు వాళ్లు ఎక్కడ పడుకుంటారు, పగలు ఎక్కడ తింటారు, నదికి ఏ ఒడ్డున వెళ్తారు? లోయలోని చిన్న ఊళ్ల సంపాదనలో కొంత భాగం ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది. అందువల్ల సైకిల్ మార్గాన్ని వినోదంగా మాత్రమే కాక, గ్రామీణ ఆర్థిక విషయంగా కూడా చూడాలి. ఈ పాఠం చదివాక ఒక నదీలోయ పటం మీ చేతికిస్తే, అందులో సైకిల్ మార్గం ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో, ఎందుకు అలాగో మీరు చెప్పగలగాలి.

ముందుగా ఒక పదం గురించి. 'సైకిల్ పర్యటన' అంటే పందెం కాదు. సైకిలు వెనక క్యారియరుకు రెండు వైపులా సంచులు కట్టుకుని, రోజుకు 50, 60 కిలోమీటర్లు తొక్కుతూ, ప్రతి రాత్రీ వేరే ఊళ్లో బస చేసే ప్రయాణం అది. సగటు వేగం గంటకు సుమారు 15 కి.మీ. ఈ అంకెను గుర్తుంచుకోండి, ముందు లెక్కల్లో అవసరమవుతుంది.

4.2 నదీలోయనే ఎందుకు ఎంచుకుంటారు?

ఈ ప్రశ్నకు చాలామంది విద్యార్థులు "నది పల్లానికి పారుతుంది కాబట్టి సైకిలు దానంతట అదే వెళ్తుంది" అని రాస్తారు. ఈ జవాబు వినడానికి బాగానే ఉంటుంది కానీ నిజం కాదు. లెక్క వేసి చూడండి. పాసౌ దగ్గర డాన్యూబ్ నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వియన్నా దగ్గర అది సుమారు 160 మీటర్లు. రెండింటి మధ్య నది పొడవు సుమారు 300 కి.మీ. అంటే నది కిలోమీటరుకు అర మీటరు కూడా దిగడం లేదు. ఆ వాలు సైకిలు తొక్కేవారి కాళ్లకు తెలియదు.

లోయ ఇచ్చే మేలు దిగుడు కాదు, ఎక్కుడు లేకపోవడం. మనిషి, సైకిలు, సామాను కలిపి 90 కిలోలు అనుకుందాం. మంచి తారు రోడ్డు మీద చక్రాలు దొర్లడానికి ఎంత బలం కావాలో, నూటికి ఒక్క మీటరు ఎత్తు పెరిగే రోడ్డు దానికి పైన ఇంకో అంతకన్నా ఎక్కువ బలం అడుగుతుంది. కంటికి చదునుగా కనిపించే రోడ్డే మనిషిని అలా అలసగొడుతుంది. కొండల నడుమ ఉన్న దేశంలో రోజంతా ఎక్కుడు లేని దారి కావాలంటే, వేల ఏళ్లుగా నీరు కోసిన దారిని పట్టుకోవడమే మార్గం.

అయితే లోయలో మరో ప్రత్యర్థి ఉంటుంది. అది గాలి. గాలి నిరోధం, గాలితో పోల్చినప్పటి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. మీరు గంటకు 15 కి.మీ. వేగంతో వెళ్తుండగా గంటకు 15 కి.మీ. ఎదురుగాలి వీస్తే, గాలితో పోల్చి మీ వేగం 30 కి.మీ. అవుతుంది. నిరోధం నాలుగింతలవుతుంది. అదే గాలి వెనక నుంచి వీస్తే నిరోధం దాదాపు సున్నా. మధ్య ఐరోపాలో గాలి ఎక్కువగా పడమర నుంచి వీస్తుంది. డాన్యూబ్ తూర్పుకు పారుతుంది. కాబట్టి ఎక్కువమంది పాసౌ నుంచి వియన్నాకే తొక్కుతారు, తిరుగు ప్రయాణంలో సైకిలును రైలెక్కిస్తారు. నది వాలు వల్ల దక్కిందనుకునే సుఖంలో ఎక్కువ భాగం గాలి ఇచ్చినదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కిలోమీటరుకు 47 సెంటీమీటర్లు దిగే నది వాలును శాతంలో చెప్పండి. (జవాబు: 1,000 మీటర్లకు 0.47 మీటరు, అంటే సుమారు 0.05 శాతం.)

4.3 ఈ దారిని ఎవరు వేశారు?

డాన్యూబ్ సైకిల్ మార్గంలో చాలా భాగం సైకిళ్ల కోసం వేసినది కాదు. ఈ పాఠంలో మీరు ప్రధానంగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఆవిరి పడవలు రాకముందు సరుకు పడవలు ప్రవాహంతో పాటు దిగువకు సులభంగా పోయేవి. ఎగువకు రావాలంటే మాత్రం గట్టు మీద గుర్రాల బారు తాళ్లతో పడవను లాగాలి. అందుకోసం నీటి అంచునే, చెట్లు అడ్డం లేకుండా, ఎత్తుపల్లాలు లేకుండా ఒక బాట ఉంచేవారు. దాన్ని అక్కడ ట్రెప్పెల్‌వేగ్ అంటారు. మనం 'పడవలాగుడు బాట' అందాం. 1830లో వియన్నా, బుడాపెస్ట్‌ల మధ్య ఆవిరి పడవ నడిచాక గుర్రాల పని క్రమంగా తగ్గిపోయింది. బాట మాత్రం మిగిలింది.

ఇరవయ్యో శతాబ్దంలో నది మీద జలవిద్యుత్ కేంద్రాలు వచ్చాయి. సరిహద్దులో ఉన్న యోహెన్‌స్టైన్ కేంద్రాన్ని (1956) కలుపుకుని, ఆస్ట్రియా భాగంలో నేడు పది కేంద్రాలున్నాయి. చివరిది వియన్నాలోని ఫ్రాయ్‌డెనౌ (1998). ఆనకట్ట కట్టినప్పుడు ఎగువన నీటిమట్టం పెరుగుతుంది. పొలాలు మునగకుండా పక్కల గట్లు పోస్తారు. ఆ గట్లను చూసుకోవడానికి నిర్వహణ బాట వేస్తారు. ఆ బాట కూడా నున్నగా, చదునుగా, వాహనాలు లేకుండా ఉంటుంది. 1980లలో ఈ పాత, కొత్త బాటలను కలిపి, మధ్యలోని ఖాళీలను పూరించి, దిశ చెప్పే బోర్డులు నిలిపి, సైకిళ్లకు తెరిచారు. నేడు ఇది యూరోవెలో 6 అనే పొడవైన మార్గంలో భాగం. అది ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరాన మొదలై రుమేనియాలో నల్ల సముద్రం వరకు పోతుంది.

పరీక్షలో 'మౌలిక సదుపాయాల పునర్వినియోగం' అనే పదబంధం కనిపిస్తే ఈ ఉదాహరణ రాయండి. పని కోసం పుట్టిన దారి, ఆ పని పోయాక వేరే పనికి అక్కరకొచ్చింది.

దారి పక్కన నాటిన ఒక గుర్తును కూడా చెప్పాలి. పడవ నడిపేవారి కోసం ఒడ్డున కిలోమీటరు బోర్డులుంటాయి. చాలా నదులను పుట్టిన చోటు నుంచి కొలుస్తారు, డాన్యూబ్‌ను మాత్రం సముద్రంలో కలిసే చోటు నుంచి ఎగువకు లెక్కిస్తారు. లింజ్ దగ్గర 2135, క్రెమ్స్ దగ్గర 2002, వియన్నా దగ్గర 1929. సైకిలు మీద దిగువకు వెళ్లేవారికి ఈ అంకె తగ్గుతూ, నల్ల సముద్రం ఇంకా ఎంత దూరమో చెబుతుంటుంది.

4.4 ఒక రోజు దూరం

పూర్వం మన యాత్రామార్గాల్లో సత్రాలు ఎలా ఉండేవో ఆలోచించండి. కాలినడకన పొద్దుటి నుంచి సాయంత్రానికి చేరగలిగిన దూరంలో ఒక సత్రం ఉంటేనే యాత్రికుడికి ఉపయోగం. అంతకన్నా దూరమైతే చీకట్లో నడవాలి, దగ్గరైతే ఆగే పనిలేదు. సైకిల్ మార్గంలోనూ ఇదే సూత్రం. కాకపోతే ఇక్కడ దూరం 40 నుంచి 60 కి.మీ.

పాసౌ, వియన్నాల మధ్య బసలు సాధారణంగా ఇలా పడతాయి: మొదటి రాత్రి ష్లోగెన్ దగ్గర, తరవాత లింజ్, గ్రైన్, మెల్క్, క్రెమ్స్, టుల్న్. వీటిలో లింజ్ నగరం, మిగిలినవి చిన్న పట్టణాలు లేదా పల్లెలు. కారులో పోయేవారు గ్రైన్‌లో ఆగడానికి ప్రత్యేక కారణం కావాలి. సైకిలు మీద వచ్చినవారికి అలసటే కారణం. సాయంత్రం నాలుగింటికి ఆకలితో, తడి బట్టలతో చేరిన మనిషికి గది, వేడినీళ్లు, కడుపునిండా భోజనం, సైకిలు పెట్టుకోవడానికి తాళం ఉన్న కొట్టు కావాలి. పెద్ద హోటలే కానక్కరలేదు. రైతు ఇంట్లో పైగదీ చాలు. 'గది ఖాళీ ఉంది' అనే బోర్డు గుమ్మానికి తగిలించుకున్న ఇళ్లు ఈ దారి పొడవునా కనిపిస్తాయి. సామాను మోయలేనివారి సంచులను ఒక బస నుంచి మరో బసకు వ్యానులో చేర్చే వ్యాపారం కూడా దీని చుట్టూ పెరిగింది.

ఈ వ్యాపారానికి ఒక పరిమితి ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే గిరాకీ. మిగిలిన అయిదు నెలలు గదులు ఖాళీ. కాబట్టి దీన్నే నమ్ముకున్న ఇల్లు కన్నా, వ్యవసాయమో మరో పనో ఉండి దీన్ని అదనంగా చేసే ఇల్లు నిలబడుతుంది. గ్రామీణ పర్యాటకం మీద రాసే సమాధానాల్లో ఈ కాలపరిమితిని విద్యార్థులు తరచూ మరిచిపోతుంటారు.

దారిలో అన్నీ ఆహ్లాదకరమైన విషయాలే ఉండవు. లింజ్ దాటాక నది పక్కనే మౌత్‌హౌసెన్ అనే ఊరుంది. 1938 నుంచి 1945 వరకు నాజీలు ఆ ఊరి పైన, రాతి క్వారీ దగ్గర నిర్బంధ శిబిరం నడిపారు. ఆ శిబిరంలోను, దాని ఉపశిబిరాల్లోను సుమారు 1,90,000 మందిని బంధించారు, కనీసం 90,000 మంది చనిపోయారు. నేడు అది స్మారక స్థలం. చదునైన దారిని వదిలి కొండ ఎక్కితేనే దాన్ని చూడగలం. మార్గదర్శిని రాసేవారు ఆ ఎక్కుడు గురించి హెచ్చరించాలి. కష్టమని చెప్పి ఆ పేరునే వదిలేయడం మాత్రం సరికాదు.

4.5 రెండు ఒడ్లు, మధ్యలో పడవ

నాగార్జునసాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ అన్న మాటలు మీరు విన్నవే. నది దిగువకు ముఖం పెట్టి నిలబడితే కుడిచేతి వైపు కుడి ఒడ్డు. డాన్యూబ్ తూర్పుకు పారుతుంది కాబట్టి దాని ఎడమ ఒడ్డు ఉత్తరాన, కుడి ఒడ్డు దక్షిణాన ఉంటాయి. చాలా దూరం రెండు ఒడ్ల వెంటా సైకిల్ దారి ఉంది. కానీ రెండూ ఒకేలా ఉండవు. ఒకవైపు ఊళ్లు, మరోవైపు నిశ్శబ్దం. ఒకవైపు పొద్దుటి ఎండ, మరోవైపు కొండ నీడ. ష్లోగెన్ దగ్గర నది గట్టి రాతి కొండను చుట్టి, వచ్చిన దిక్కుకే తిరిగినట్టు పెద్ద మెలిక తిరుగుతుంది. అక్కడ ఎడమ ఒడ్డున కొంత దూరం కొండ నేరుగా నీటిలోకి దిగడంతో దారే లేదు, సైకిలును పడవెక్కించాల్సిందే.

వంతెనలు దూరదూరంగా ఉన్న నదిలో పడవే రెండు ఒడ్లనూ ఒక మార్గంగా కలుపుతుంది. చాలా విద్యుత్ కేంద్రాల ఆనకట్టల మీదుగా సైకిలుతో దాటనిస్తారు, అదొక వసతి. కానీ స్పిట్జ్, వైసెన్‌కిర్షెన్ వంటి ఊళ్ల దగ్గర ఇప్పటికీ నడుస్తున్న తాడు పడవలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈ పడవను ముందుకు నడపడానికి ఇంజను అక్కరలేదు. నదికి అడ్డంగా, ఎత్తున ఒక ఉక్కుతాడు కట్టి ఉంటుంది. దాని మీద కప్పీ దొర్లుతుంది. కప్పీ నుంచి వేలాడే తాడు పడవను పట్టుకుంటుంది. నడిపేవాడు చుక్కాని తిప్పి పడవను ప్రవాహానికి ఏటవాలుగా నిలబెడతాడు. నీరు పడవను దిగువకు తోయాలని చూస్తుంది, తాడు పోనివ్వదు. ఆ రెంటి మధ్య పడవ పక్కకు జరుగుతూ ఆవలి ఒడ్డు చేరుతుంది. గాలిపటం దారానికి కట్టుబడి ఉండి కూడా గాలిలో పక్కకు ఎలా జరుగుతుందో, ఇదీ అంతే.

కోనసీమ వాసులకు పంటు తెలుసు. సఖినేటిపల్లి రేవులో మోటారు సైకిళ్లతో, కొబ్బరి బస్తాలతో పాటు పంటెక్కి నర్సాపురం వైపు దాటినవారికి ఒడ్డున నిలబడి పడవ కోసం చూసే ఆ పావుగంట ఎలా ఉంటుందో చెప్పక్కరలేదు. పంటును ఇంజను నడుపుతుంది, తాడు పడవను ప్రవాహమే నడుపుతుంది. అంటే నీరు పారుతున్న చోటే అది పనిచేస్తుంది. ఆనకట్ట వెనక నిలిచిన నీటిలో ఈ పద్ధతి సాగదు. ఈ చిన్న సాంకేతిక విషయం తరవాతి భాగానికి ఆధారం.

4.6 వాఖౌ: కట్టని ఆనకట్ట

మెల్క్ నుంచి క్రెమ్స్ వరకు సుమారు 36 కి.మీ. లోయను వాఖౌ అంటారు. డాన్యూబ్ దారిలో ఎక్కువమంది గుర్తుపెట్టుకునే భాగం ఇది. ఎగువ చివర మెల్క్ మఠం ఉంది. 1702లో మొదలైన ఇప్పటి భవనం యాకబ్ ప్రాంట్‌టావర్ అనే వాస్తుశిల్పి రూపకల్పన. ఎడమ ఒడ్డున విల్లెన్‌డార్ఫ్‌లో 1908లో దొరికిన చిన్న రాతి స్త్రీమూర్తి సుమారు 30,000 ఏళ్ల నాటిది, ఇప్పుడది వియన్నా మ్యూజియంలో ఉంది. ఇంకా దిగువన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు. ఇంగ్లండు రాజు మొదటి రిచర్డును 1192–93 శీతకాలంలో బంధించిన చోటు.

కానీ సైకిలు మీద వెళ్లేవారు ముందుగా చూసేవి గోడలు. కొండవాలు అంతటా సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన కట్టలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఆ మెట్ల మీద ద్రాక్ష పండిస్తారు. యంత్రం ఎక్కలేని వాలు కాబట్టి పని చాలావరకు చేత్తోనే. వానకు ఒక గోడ జారితే మళ్లీ పేర్చాలి. కింద చదును నేలలో ఆప్రికాట్ చెట్లు. హైదరాబాదు విందుల్లో ఖుబానీ కా మీఠా తిన్నవారికి ఎండు రూపంలో తెలిసిన పండే. అక్కడ జులైలో పచ్చిది దారి పక్కనే బుట్టల్లో అమ్ముతారు. రైతులు తమ ద్రాక్షసారాను, ఇంటి తిండిని తమ పెరట్లోనే అమ్ముకోవడానికి 1784లో రెండవ జోసెఫ్ చక్రవర్తి అనుమతించాడు. ఆ పద్ధతి నేటికీ ఉంది. గుమ్మానికి పచ్చి కొమ్మల కట్ట వేలాడితే ఆ ఇల్లు ఆ రోజు తెరిచి ఉన్నట్టు. ఊళ్లోని ఇళ్లు వంతులవారీగా కొన్ని వారాల చొప్పున తెరుస్తాయి. సైకిలు దిగిన అతిథి ఖర్చుపెట్టే డబ్బు నేరుగా గోడ పేర్చిన రైతు చేతికే అందే ఏర్పాటిది.

ఈ లోయలోనూ విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రణాళికలు వేశారు. 1970, 80 దశకాల్లో స్థానికులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చివరికి ప్రణాళిక ఆగిపోయింది. ఆ రోజుల్లోనే, 1984 డిసెంబరులో, వియన్నాకు దిగువన హైన్‌బుర్గ్ దగ్గర ఆనకట్ట కోసం అడవి నరకబోతే వేలమంది చలిలో అక్కడే గుడారాలు వేసుకుని అడ్డుకున్నారు. 1996లో ఆ ప్రాంతం జాతీయ ఉద్యానవనమైంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ నేటికీ స్వేచ్ఛగా పారేది ముఖ్యంగా ఈ రెండు చోట్లే. 2000లో వాఖౌ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. ఆనకట్టల వల్లనే సైకిల్ దారిలో చాలా భాగం వచ్చిందని 4.3లో చదివారు. క్రెమ్స్ దాటి టుల్న్ వైపు వెళ్లేవారు ఆ గట్ల మీదే తొక్కుతారు. దారి నున్నగా, తిన్నగా ఉంటుంది, గంటలో ఎక్కువ దూరం పోతారు. కానీ ఊళ్లు గట్టుకు అవతల, దూరంగా ఉంటాయి. ఆగాలనిపించదు, ఆగితే కొనడానికి ఏమీ ఉండదు. తొక్కడానికి సులువైన దారీ, ఊళ్లకు మేలుచేసే దారీ ఒకటి కాకపోవచ్చు. వాఖౌలో ఆనకట్ట కట్టి ఉంటే దారి ఇంకా నున్నగా ఉండేదేమో. తాడు పడవ ఆగేది, నీటిమట్టం పెరిగేది, ఊరికీ నదికీ మధ్య గట్టు లేచేది. అయితే విద్యుత్తు అవసరం అబద్ధం కాదు. పది కేంద్రాలను కట్టిన దేశం పదకొండోదాన్ని వద్దనుకుంది. ఆ నిర్ణయానికి ఆ దేశం చెల్లించిన మూల్యాన్ని కూడా మీ సమాధానంలో రాయాలి.

4.7 వరద

నది ఒడ్డున దారి అంటే ఏదో ఒక ఏడు నీటి కింద ఉండే దారి. 2013 జూన్‌లో పాసౌ దగ్గర డాన్యూబ్ 12.89 మీటర్ల మట్టానికి చేరింది. 1501 తరవాత అంత వరద అక్కడ రాలేదు. వరద తగ్గాక బాట మీద బురద ఎత్తడం, కొట్టుకుపోయిన అంచులు పూడ్చడం స్థానిక సంస్థలకు మామూలు ఖర్చు.

ఊళ్లకు ఎత్తైన శాశ్వత గోడ కడితే రక్షణ దొరుకుతుంది, కానీ నది కనిపించదు. నది కనిపించకపోతే అతిథి ఆగడు. అందుకే స్టైన్, స్పిట్జ్, గ్రైన్ వంటి చోట్ల విప్పదీయగల గోడలు పెట్టుకున్నారు. నేలలో పునాది, బిగింపులు శాశ్వతంగా ఉంటాయి. వరద హెచ్చరిక రాగానే స్తంభాలు నిలిపి, వాటి మధ్య అల్యూమినియం పలకలు ఒకదాని మీద ఒకటి జారుస్తారు. నీరు తగ్గాక తీసి గోదాములో పెడతారు. హెచ్చరికకూ నీటి రాకకూ మధ్య ఉన్న గంటల్లోనే పని పూర్తికావాలి కాబట్టి, ఆ పలకలు ఎవరు ఎక్కడ పెట్టాలో ఊరివాళ్లకు ముందే తెలిసి ఉండాలి.

4.8 మన కాలువ గట్లు: అభ్యాసం

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆర్థర్ కాటన్ దాని కింద తవ్వించిన కాలువలు సాగునీటికే కాదు, పడవల రవాణాకూ ఉద్దేశించినవి. నీటిమట్టాలు మారే చోట పడవలను దాటించడానికి కట్టిన లాకుల పేరుతోనే డెల్టాలో నేటికీ కొన్ని చోట్లను పిలుస్తారు. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. డాన్యూబ్‌లో గుర్రాలు చేసిన పనిని ఇక్కడ ఎక్కువగా మనుషులు చేశారు. అంటే పడవలాగుడు బాట మనకూ ఉంది. వాటిలో చాలా గట్ల మీద ఇప్పుడు రోడ్లున్నాయి, ఆ రోడ్ల మీద లారీలూ ఉన్నాయి.

మీరు డెల్టాలో ఉంటే మీకు దగ్గరి కాలువను, తెలంగాణలోనో రాయలసీమలోనో ఉంటే మీకు దగ్గరి వాగునో, నది ఒడ్డునో తీసుకోండి. పటం మీద 50 కి.మీ. గుర్తించండి. మండు వేసవి ఇక్కడ సైకిలుకు పనికిరాదు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కాలాన్ని ఊహించుకోండి. ఆ నెలల్లో మీ ప్రాంతంలో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుందో రైతులను అడిగి, ప్రయాణ దిశ నిర్ణయించండి. ఏ గట్టు మీద వాహనాలు తక్కువో, ఎక్కడ అవతలి గట్టుకు దాటగలరో రాయండి. సాయంత్రం చేరే ఊళ్లో ఒక ఆడమనిషి ఒంటరిగా దిగితే ఏ ఇంట్లో, ఏ సత్రంలో నిశ్చింతగా పడుకోగలదో వెతకండి. దొరక్కపోతే 'దొరకలేదు' అనే రాయండి, ఆ జవాబుకూ పూర్తి మార్కులున్నాయి. మొత్తం నాలుగు పుటలు మించకుండా రాసి, చేత్తో గీసిన పటాన్ని జతచేసి మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి.